సంఘపు ల్యాప్‌టాప్: మెమరీ, డిస్కు పెంచుకొను విధము

మన నేత సహకార సంఘములలో నూలు ఖాతా, కూలి చిట్టా, పొదుపు నిధి లెక్కలు, డిజైన్లు ఇప్పుడు చాలవరకు ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండుచున్నవి. ఆ యంత్రము ఉదయము స్విచ్చి వేసిన పది నిమిషములకు గాని పనికి రాకపోవుట, నూలు ఖాతా తెరచి ఉండగా డిజైను తెరచినచో తెర బిగుసుకొనిపోవుట కార్యదర్శులలో చాలమందికి అనుభవమే. అప్పుడు కమిటీలో "ఇది పాతబడినది, క్రొత్తది కొందము" అను మాట వచ్చును. క్రొత్తది కొనుటకు ముందు, ఉన్న యంత్రమునకే రెండు చిన్న వస్తువులు మార్చి మరి కొన్ని సంవత్సరములు నడుపుకొనుటకు వీలున్నదేమో చూడవలెను. షోలాపూరు గాని, భివండి గాని, సేలం, బరంపురం, యానాం గాని, ఏ ఊరి సంఘమునకైనను పని ఒక్కటే గనుక కొంచెము వివరముగా వ్రాయుచున్నాను.

మాట గాలిలో పోకుండుటకు ఒక యంత్రమును ఉదాహరణగా తీసుకొందము. లెనోవో కంపెనీవారి థింక్‌ప్యాడ్ టి 480. ఇది 2018లో వచ్చినది. పెద్ద ఆఫీసులవారు వందల కొలదిగా కొని, కొన్నేండ్లు వాడి అమ్మివేసినవి గనుక బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ వీధి, ముంబయి లామింగ్టన్ రోడ్డు వంటి బజారులలో పాతవి దొరకును. ఈ తరహా యంత్రములను అమెరికా సైన్యమువారు తమ సామగ్రికి పెట్టుకొన్న మిల్-ఎస్.టి.డి.-810జి అను పరీక్షా విధానమును బట్టి దుమ్ము, కంపనము, తేమ, వేడి, చలి మొదలగువానికి పరీక్షించెదరు. నీళ్ళలో ముంచినను, మేడ మీదినుండి పడవేసినను చెడదని దీని అర్థము కాదు. మామూలు ఇంటి ల్యాప్‌టాప్ కంటె మన షెడ్డులలో ఎక్కువ కాలము నిలుచునని మాత్రము చెప్పవచ్చును. ప్రత్తి పీచు ఎగురుచుండును, గంజి తడి ఉండును, గుంట మగ్గముల చెంత నేల చెమ్మగా ఉండును, మరమగ్గముల షెడ్డులో బల్ల అదరుచుండును. అట్టి చోట నిలుచు యంత్రమే మనకు కావలెను. ఇంకను గట్టివి, పానాసోనిక్ టఫ్‌బుక్ వంటివి కలవు. వానిలోను మార్చవలసిన వస్తువులు ఇవే. అయితే వాని మూతల అంచున రబ్బరు పట్టీ ఉండును. తిరిగి మూయునప్పుడు అది మడతపడకుండ చూడనిచో దుమ్మునకు, నీటికి దారి ఇచ్చినట్లే.

బుట్ట, నూలు గది

మెమరీ, డిస్కు అను రెండు మాటలను బజారులో కలగాపులగము చేసి చెప్పెదరు. రెండును వేరు. మగ్గము మీద కూర్చున్న నేతగాని చేతికి అందునట్లు కండెల బుట్ట ఉండును. నూలు నిలువ అంతయు లోపలి గదిలో ఉండును. కంప్యూటరులో ప్రాసెసరు అనునది చేయి. మెమరీ, అనగా దుకాణములవారు ర్యామ్ అనునది, కండెల బుట్ట. డిస్కు నూలు గది. బుట్ట చిన్నదైనచో నాడె ఆపి మాటిమాటికి లేచి గదికి పోయి రావలెను. కంప్యూటరు కూడ అచ్చముగా ఇదే చేయును. మెమరీ చాలనప్పుడు అందులోని కొంత భాగమును డిస్కు మీద పెట్టి, కావలసినప్పుడు మరల తెచ్చుకొనును. తెర బిగుసుకొనిపోవునది ఆ రాకపోకల వేళనే. ఇంకొక భేదము కలదు. కరెంటు పోగానే బుట్ట ఖాళీ యగును, గదిలోనిది నిలుచును. సేవ్ చేయుట అనగా బుట్టలోనిది గదిలో భద్రపరచుటయే.

ఇక నూలు గదికి పోవు దారి సంగతి. పాత హార్డ్ డిస్కులో ఒక పళ్ళెము నిమిషమునకు 5,400 గాని 7,200 గాని చుట్లు తిరుగును. దానిమీద సన్నని చేయి అటునిటు జరుగుచు అక్షరములను వెదకును. ఎంత వేగముగా జరిగినను ఒక సెకనులో వందకు అటునిటు మాత్రమే వెదకగలదు. ఎస్.ఎస్.డి. అను క్రొత్త తరహా డిస్కులో తిరుగునది ఏమియు లేదు. అంతయు చిప్పులే గనుక అదే సెకనులో వేల కొలది చోట్ల చదువును. విండోస్ మేల్కొనునప్పుడు చదువవలసిన చిన్న చిన్న ఫైళ్ళు వేల సంఖ్యలో ఉండును. ఉదయపు ఆలస్యమునకు కారణము అదియే. మరమగ్గముల అదురునకు చెడునదియు ఆ తిరుగు పళ్ళెమే.

అందుచేత నా అభిప్రాయము ఇది. యంత్రములో ఇంకను హార్డ్ డిస్కు ఉన్నచో సంఘపు డబ్బు మొదట ఎస్.ఎస్.డి. మీద పెట్టవలెను. మెమరీ తరువాత. మెమరీ 4 జి.బి. మాత్రమే ఉన్నచో రెండును ఒకేసారి చేయుట మేలు. లెక్కలు, ఉత్తరములు, ఇంటర్నెట్టు మాత్రమే చూచుకొను సంఘమునకు 8 జి.బి. చాలును. డిజైను పని ఉన్నచో 16 జి.బి. కావలెను. 32 జి.బి. పెట్టుకొనుడని దుకాణదారు చెప్పినచో అది ఆయన లాభమునకే గాని మన పనికి కాదు. అందులోను 2025 చివరి నెలలలో మెమరీ ధరలు ప్రపంచమంతట బాగుగా పెరిగినవి. కృత్రిమ మేధ పనులకు కట్టుచున్న పెద్ద కేంద్రములు చిప్పులను ఎగరవేసుకొని పోవుటయే కారణము. అవసరమునకు మించి కొనుట ఇప్పుడు తగదు.

డిజైనుకు అంత మెమరీ ఎందుకని అడుగవచ్చును. ఒక లెక్క వేసి చూతము. 480 హుక్కుల జాకార్డు మీద 1,200 అట్టల డిజైను అనుకొనుడు. ఒక పేక పోగునకు ఒక అట్ట, ప్రతి హుక్కునకు అట్టలో రంధ్రము ఉండుటయో లేకపోవుటయో. మొత్తము 480ని 1,200తో హెచ్చించగా 5,76,000 స్థానములు. కంప్యూటరు భాషలో ఒక స్థానము ఒక బిట్టు, ఎనిమిది బిట్లు ఒక బైటు. అనగా డిజైను అంతయు 72,000 బైట్లే. చిన్న ఫొటో పాటి కూడ కాదు. కాని 12 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల పొడవు గల గ్రాఫు కాగితమును అంగుళమునకు 600 చుక్కల చొప్పున రంగులలో స్కాను చేసినచో 7,200ను 10,800తో హెచ్చించగా 7,77,60,000 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు మూడు బైట్లు చొప్పున 23 కోట్ల 32 లక్షల 80 వేల బైట్లు. అదియును ఒక్క బొమ్మ తెరచినప్పుడే. వెనుకకు మరలుటకు వీలుగా ప్రోగ్రాము దాచుకొను ప్రతులు వేరు. బుట్టను నింపునది డిజైను కాదు, స్కాను బొమ్మ. 300 చుక్కలకే స్కాను చేసినచో నాలుగవ వంతు అగును, గ్రాఫు గళ్ళు స్పష్టముగానే కనిపించును. కొన్ని సంఘములకు ఈ ఒక్క మార్పే మెమరీ కొనునంత మేలు చేయును.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండ ఉండలేను. 1960వ దశకములో అమెరికావారు చంద్రుని యాత్రకు సిద్ధపరచిన అపోలో నౌకల కంప్యూటరులో ప్రోగ్రాములను భద్రపరచిన మెమరీ నిజముగా చేతితో నేసినదే. మసాచుసెట్స్ రాష్ట్రములోని వాల్తం పట్టణమున, రేథియాన్ కంపెనీ కర్మాగారములో స్త్రీలు ఎదురెదురుగా కూర్చుండి సన్నని రాగి తీగను చిన్న చిన్న అయస్కాంత వలయముల గుండ నడిపించినారు. తీగ వలయములోనుండి పోయినచో 1, వెలుపలినుండి పోయినచో 0. మన అట్టలో రంధ్రము ఉండుట, లేకపోవుట వంటిదే. పోగు తప్పినచో విప్పి మరల కూర్చవలసినదే. ఆ మెమరీ మొత్తము 36,864 పదములు, పదమునకు 16 బిట్లు, అనగా 73,728 బైట్లు. పైన లెక్కించిన మన డిజైను 72,000 బైట్లు గదా! చంద్రుని మీదికి పోయినవారి యంత్రములో నేసిన జ్ఞాపకమును, మన కొంగు డిజైనును తూకమునకు ఇంచుమించు సమానమే. కంప్యూటరు మనది కాదని వెనుకాడు పెద్దలకు నేను ఈ లెక్కనే చూపుచుందును.

కొనుటకు ముందు చూడవలసినవి

యంత్రము నడుచుచుండగా కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను ఒకేసారి నొక్కినచో టాస్క్ మేనేజరు వచ్చును. అందులో పెర్‌ఫార్మెన్స్ అను చోట మెమరీ మీద నొక్కుడు. ఎంత మెమరీ ఉన్నది, అందులో ఎంత వాడుకలో ఉన్నది, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండినవి అనునవి కనిపించును. రోజు పని చేయునప్పుడు, అన్నియు తెరచి ఉంచి చూడవలెను. వాడుక నూటికి 60 దాటనిచో మెమరీ పెంచి ప్రయోజనము లేదు. 90 వద్ద తిరుగుచున్నచో పెంచవలసినదే. అదే తెరమీద డిస్కు హార్డ్ డిస్కో ఎస్.ఎస్.డి.యో కూడ తెలియును.

టి 480లో మెమరీకి రెండు స్లాట్లు కలవు. డి.డి.ఆర్.4 జాతి, ల్యాప్‌టాప్ కొలత గల 260 కాళ్ళ పలక కావలెను. వేగము 2,400. దానికంటె వేగము గల 2,666, 3,200 పలకలు పెట్టినను 2,400 వద్దనే నడుచును గనుక ఏది చౌకగా దొరకిన అది కొనవచ్చును. పాత డి.డి.ఆర్.3 పలకకు 204 కాళ్ళే. గాడి వేరు చోట ఉండును, బలవంతము చేసినచో స్లాటు విరుగును. ఒకే 16 జి.బి. పలక కంటె రెండు 8 జి.బి. పలకలు జంటగా కొంత వేగముగా పనిచేయును.

పేరులో ఒక్క అక్షరము భేదముతో మోసపోవుట కలదు. టి 480 ఎస్ అను పలుచని రకములో కొంత మెమరీ బోర్డునకే అతికియుండును, స్లాటు ఒక్కటే. 2.5 అంగుళముల డిస్కునకు చోటే లేదు. ఇప్పుడు వచ్చుచున్న పలుచని ల్యాప్‌టాప్‌లలో అనేకమునకు మెమరీ అంతయు అతికినదే. కొన్ననాడు ఎంత ఉన్నదో చివరివరకు అంతే. సంఘమునకు యంత్రము కొనునప్పుడు ధర కంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఇది. ఇంకొకటి. టి 480లలో కొన్ని ఏడవ తరము ప్రాసెసరుతో వచ్చినవి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీవారు మామూలు రక్షణ సహాయమును 2025 అక్టోబరు 14తో ముగించినారు. విండోస్ 11 కావలెనన్నచో వారి జాబితా ప్రకారము ఇంటెల్ ఎనిమిదవ తరమో తరువాతిదో ఉండవలెను. ప్రాసెసరు సంఖ్య 8250యు, 8350యు వలె 8తో ఆరంభమైనచో సరియే. 7200యు, 7300యు అని ఉన్న యంత్రము మీద మెమరీకి ఖర్చు పెట్టుటకు ముందు కమిటీ ఆలోచించవలెను.

డిస్కు విషయములో టి 480కి 2.5 అంగుళముల, 7 మిల్లీమీటర్ల మందము గల సాటా ఎస్.ఎస్.డి. తిన్నగా సరిపోవును. ఎం.2 అను బిళ్ళ వంటి రకము ఇంకను వేగముగలది. కాని దానికి వేరే చట్రము, దానికి తగిన తీగ కావలెను. లెక్కల పనికి ఆ భేదము కంటికి ఆనదు. సాటాయే చాలునని నా సలహా.

కొలత సంగతి జాగ్రత్తగా చూడవలెను. పాత డిస్కు 500 జి.బి. అయినచో, చౌకగా దొరకునని 480 జి.బి. ఎస్.ఎస్.డి. కొనరాదు. ఉన్నదున్నట్లు నకలు తీయునప్పుడు క్రొత్తది పాతదానికి సమానమో పెద్దదో కావలెనని చాల ప్రోగ్రాములు కోరును. 500, 512, 1000, వీనిలో ఒకటి కొనుడు. కొన్న 500 జి.బి. డిస్కును విండోస్ 465 అని చూపినప్పుడు దుకాణదారుతో తగవు పెట్టుకొనవలదు. కంపెనీవారు వేయిలలో లెక్కించెదరు, విండోస్ 1,024లలో లెక్కించును. పది పౌనుల నూలు బండిలును 4.54 కిలోలని వ్రాసినట్లే, సరకు తగ్గలేదు. అయితే నిజమైన మోసము వేరే కలదు. 2 టి.బి. అని పైన అచ్చువేసి లోపల 32 జి.బి. మాత్రమే గల పెన్ డ్రైవులు, డిస్కులు బజారులో తిరుగుచున్నవి. నింపునంతవరకు అంతయు బాగున్నట్లే కనిపించి, పరిమితి దాటినతోడనే వ్రాసినది చెరిగిపోవును. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అను ఉచిత ప్రోగ్రాము డిస్కును చివరివరకు నింపి తిరిగి చదివి నిజము చెప్పును. సంఘము పేర జి.ఎస్.టి. బిల్లు తీసుకొనుట మరువరాదు. వారంటీ దానితోనే నడుచును.

నకలు తీయనిదే స్క్రూ విప్పరాదు

ఈ పనిలో స్క్రూలు విప్పుట, బిగించుట అరగంట. దానివలన నష్టపడినవారిని నేను అంతగా చూడలేదు. నష్టము వచ్చునది ఫైళ్ళు పోయినప్పుడు. సభ్యుని కూలి బాకీ ఎంత, పొదుపు నిధిలో అతని వాటా ఎంత, ఎవరికి ఎన్ని చిలపల నూలు ఇచ్చితిమి అను లెక్క ఆ డిస్కులో ఉన్నది. తాతలనాటి గ్రాఫులను స్కాను చేసి పెట్టిన డిజైన్లు ఉన్నవి. కాగితము చెదలకు పోయిన ఇండ్లలో ఆ స్కాను తప్ప వేరే ప్రతి లేదు. డిస్కు ధర కొన్ని వేలు, లోపలిదానికి ధర లేదు.

అందుచేత ముందుగా రెండు ప్రతులు తీయవలెను. ఒకటి సంఘ బీరువాలో, రెండవది వేరే కట్టడములో. అగ్ని గాని వరద గాని వచ్చినచో ఒకే గదిలోని రెండు ప్రతులు ఒక్క ప్రతితో సమానము. ప్రతి తీసినంత మాత్రమున చాలదు. దానిని మరియొక కంప్యూటరులో పెట్టి నాలుగు ఫైళ్ళు తెరచి చూడవలెను. ట్యాలీ వంటి లెక్కల ప్రోగ్రాము వాడువారు డేటా ఫోల్డరుతోపాటు బ్యాకప్పు వేరుగా తీసి, లైసెన్సును సరెండరు చేసి పిమ్మట డిస్కు మార్చినచో తిరిగి ఆరంభించునప్పుడు చిక్కు తగ్గును.

మన తెలుగువారికి ప్రత్యేకముగా ఒక చిక్కు కలదు. పాత మినిట్సు పుస్తకములు, ఉత్తరములు, మహాసభ ఆహ్వానములు అను వంటి పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి చాల సంఘములలో ఉన్నవి. ఇవి యూనికోడు కావు. ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో ఇంగ్లీషు గుర్తులు చిందరవందరగా కనిపించును, ఫైలు చెడినదని పారవేసెదరు. ఫైలు చెడలేదు, ఫాంటు లేదు, అంతే. తెలుగు ఫాంట్లు దుకాణములో దొరకని ఊళ్ళలో ఉన్న మనము ఫాంట్లను, వానిని ఎక్కించు ప్రోగ్రామును కూడ ప్రతితో చేర్చి దాచుకొనవలెను. ముఖ్యమైనవానిని పి.డి.ఎఫ్.గా మార్చి పెట్టుకొన్నచో ఎక్కడనైనను చదువవచ్చును.

ఆఫీసులనుండి వచ్చిన పాత యంత్రములలో డిస్కు బిట్‌లాకరు అను తాళముతో ఉండవచ్చును. అట్టి యెడల 48 అంకెల తాళపు సంఖ్య అడుగును. అది ముందుగానే వ్రాసి పెట్టుకొనవలెను, లేదా పని పూర్తియగువరకు ఆ తాళమును తీసివేయవలెను.

నకలు తీయుటకు సాటా డిస్కును యు.ఎస్.బి. ద్వారా కలుపు ఒక చిన్న పెట్టె కావలెను. క్రొత్త ఎస్.ఎస్.డి.ని అందులో పెట్టి యంత్రమునకు తగిలించి, డిస్కు కంపెనీవారు ఇచ్చు ప్రోగ్రాముతో గాని, క్లోన్‌జిల్లా అను ఉచిత ప్రోగ్రాముతో గాని పాతదానిని యథాతథముగా దించవచ్చును. కొన్ని గంటలు పట్టును. కరెంటు నమ్మకము లేని ఊళ్ళలో బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జరు తగిలించియే ఆరంభించవలెను. ఈ వ్యాసములో ఒక్క వాక్యమే గుర్తుంచుకొనెదమనువారు దీనిని గుర్తుంచుకొనుడు: ఏది మూలము, ఏది నకలు అను ప్రశ్నకు తారుమారుగా జవాబిచ్చినచో ఖాళీ డిస్కు నిండు డిస్కు మీదికి దిగి సర్వము తుడిచివేయును. తెరమీద రెండు డిస్కుల కంపెనీ పేరు, కొలత చూచి, ప్రక్కన మరియొకరిని కూర్చుండబెట్టుకొని చదివించి, అప్పుడే సరేనని నొక్కవలెను. మార్చి లెక్కల ముగింపు వేళను, దసరా దీపావళి అమ్మకముల ముందును ఈ పని పెట్టుకొనరాదు.

విప్పి బిగించుట

బల్ల మీద ప్రత్తి గుడ్డ పరచుడు. పట్టు గాని, పాలియెస్టరు గాని వలదు. పొడిగాలి రోజులలో పట్టు పోగులు ఒకదానినొకటి తోసుకొని రేగుట, చేతికి అంటుకొనుట మనకు తెలియనిది కాదు. ఆ స్థిర విద్యుత్తే మెమరీ చిప్పును కంటికి కనబడకుండ చంపును. భూమికి కలిసిన ఇనుప వస్తువును చేతితో ఒకసారి తాకి ఆరంభించుడు. పలకలను అంచులు పట్టుకొనియే ఎత్తుడు.

టి 480లో రెండు బ్యాటరీలు ఉండును. ఒకటి వెనుక, బయటకు తీయునది. రెండవది లోపల. కనుక ఛార్జరు తీసినంత మాత్రమున విద్యుత్తు ఆగదు. యంత్రము మేల్కొనునప్పుడు ఎఫ్1 మీట నొక్కి, కాన్ఫిగ్, పిమ్మట పవర్ అను చోట్లకు పోయి, డిజేబుల్ బిల్టిన్ బ్యాటరీ అనుదానిని ఎన్నుకొనుడు. యంత్రము తనంతట ఆగిపోవును. అప్పుడు వెనుక బ్యాటరీ తీసి, కొన్ని నిమిషములు చల్లారనిచ్చి, అడుగు మూతకున్న ఆరు స్క్రూలను వదులు చేయుడు. అవి మూతకే పట్టుకొనియుండును, ఊడిపడవు. పాత ఏ.టి.ఎం. కార్డు అంచుతో మూతను చుట్టును మెల్లగా లేపవలెను. స్క్రూ డ్రైవరు మొనతో లేపినచో గాట్లు పడును, కొక్కెములు విరుగును.

మూత తీయగానే మన షెడ్డుల చరిత్ర అంతయు కనిపించును. ఫ్యాను దగ్గర పీచు పొరగా పేరుకొనియుండును. మెత్తని కుంచెతో తీసివేయుడు. ఫ్యాను రెక్కను వేలితో ఆపి ఊదవలెను, లేనిచో గాలికి అతివేగముగా తిరిగి చెడును. యంత్రము వేడెక్కి నిదానించుటకు పీచే కారణమైన సందర్భములు తక్కువ కాదు.

మెమరీ పలకకు రెండు ప్రక్కల చిన్న కొక్కెములు ఉండును. వానిని వెలుపలికి త్రోసినచో పలక ఏటవాలుగా లేచును. క్రొత్తదానిని అదే ఏటవాలులో, గాడికి గాడి కలిపి, బంగారు కాళ్ళు దాదాపు కనబడనంతవరకు లోపలికి నెట్టి, పిమ్మట క్రిందికి నొక్కవలెను. రెండు ప్రక్కల టక్కుమను శబ్దము వినబడవలెను. ఒక ప్రక్కనే వినబడినచో అది కూర్చొనలేదు. డిస్కును దాని చట్రముతోసహా తీసి, తీగను మెల్లగా ఊడదీసి, క్రొత్తదానిని అదే చట్రములో అమర్చుడు. ఆ తీగ బలహీనమైనది, లాగరాదు.

మూత బిగించి ఛార్జరు తగిలించినచో లోపలి బ్యాటరీ తిరిగి పనిలోనికి వచ్చును. క్రొత్త మెమరీ పెట్టిన తరువాత మొదటిసారి తెర కొంతసేపు నల్లగా ఉండవచ్చును. యంత్రము పలకలను సరిచూచుకొనుచున్నదన్న మాట. గాభరాపడి వెంటనే ఆపివేయరాదు. టాస్క్ మేనేజరులో మెమరీ మొత్తము కనిపించినదా చూచి, ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాముతో పరీక్ష పెట్టుడు. ఒక్క తప్పు కనిపించినను పలకను దుకాణమునకు తిరిగి ఇచ్చివేయవలెను. చెడు మెమరీ కొన్నిసార్లు యంత్రమును ఆపక, లెక్కలలో అంకెను మార్చవచ్చును. అది ఇంకను ప్రమాదము.

పలకల మీద, డిస్కు మీద ఉన్న సంఖ్యలను స్టాకు రిజిస్టరులో వ్రాసి, ఫోనుతో ఫొటో తీసి ఉంచవలెను. మా సంఘపు యంత్రమును ఒకసారి బాగుచేయించుటకు ఒక దుకాణమునకు ఇచ్చినప్పుడు 8 జి.బి. పలక పోయి 4 జి.బి. పలక తిరిగి వచ్చినది. సంఖ్య మా రిజిస్టరులో ఉన్నందున చూపి అడిగితిమి. మారుమాటలాడక మా పలక మాకు ఇచ్చినారు. సంఖ్య లేనిచో మాట మీద మాట మాత్రమే మిగిలియుండెడిది.

ఎస్.ఎస్.డి. వచ్చినది గదా అని నిశ్చింతగా ఉండువారికి ఒక హెచ్చరిక. పాత హార్డ్ డిస్కు చచ్చునప్పుడు చాలసార్లు మూలుగును, టిక్కుటిక్కుమనును, కొన్ని రోజుల వ్యవధి ఇచ్చును. ఎస్.ఎస్.డి. ఏ సూచనయు లేక ఒక ఉదయము కనబడక పోవచ్చును. విద్యుత్తు లేక సంవత్సరముల తరబడి బీరువాలో పడియున్నచో లోపలిది క్రమముగా మాసిపోవుటయు కలదు. కనుక దీర్ఘకాలము దాచు ప్రతులను దాని మీద పెట్టరాదు. దానికి హార్డ్ డిస్కే మేలు. కూలి బట్వాడా జరుగు ప్రతివారము, బట్వాడా ముగియగానే ఆ వారపు ప్రతి తీయుట అలవాటు చేసికొన్నచో వేరే గుర్తు పెట్టుకొనవలసిన పని లేదు. ఎస్.ఎస్.డి.ని అంచులవరకు నింపక, పదింట ఒక వంతైనను ఖాళీగా ఉంచవలెను.

తీసివేసిన పాత డిస్కును వెంటనే అమ్మవలదు, తుడువవలదు. దాని మీద తేదీ వ్రాసిన చీటి అంటించి, ఆ సంవత్సరపు ఆడిటు పూర్తియగువరకు బీరువాలో ఉంచుడు. పిమ్మటను దానిని ఉన్నదున్నట్లుగా పాత సామానుల వానికి ఇచ్చుట పెద్ద తప్పు. సభ్యుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, నేత గుర్తింపు కార్డుల నకళ్ళు అందులో ఉన్నవి. డిలీటు చేసిన ఫైలు పేరు మాత్రమే పోవును. లోపలిది అక్కడనే ఉండును, తెలిసినవాడు తిరిగి తీయగలడు. డిస్కు మొత్తము మీద సున్నలు వ్రాయు ప్రోగ్రాముతో ఒకసారి తుడిచినచో చాలును. అది తెలియనిచో మూత విప్పి పళ్ళెమును వంచివేయుట గాని, పగులగొట్టుట గాని చేయవలెను. కొన్ని డిస్కులలో పళ్ళెము గాజుది గనుక పగులగొట్టునప్పుడు గుడ్డలో చుట్టి కొట్టుడు, పెంకులు కంటిలో పడును. ఏ రోజున, ఎవరి ఎదుట తుడిచినది రిజిస్టరులో అదే సంఖ్యకు ఎదురుగా వ్రాసి అధ్యక్షుని సంతకము తీసుకొనవలెను.